మన కరెంటు మీటరులో జౌల్

ఇస్త్రీపెట్టె చల్లారాక ఒకసారి తిరగేసి చూడండి. దాని మీద చిన్న అక్షరాలతో 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంటుంది. గోడకున్న ప్లగ్గు మీద 6 ఆంపియర్లనో 16 ఆంపియర్లనో ఉంటుంది. ఇవి ముగ్గురు మనుషుల పేర్లు. వోల్టా ఇటలీలోని కోమో పట్టణపు కథోలికుడు. ఆంపియర్ ఫ్రాన్సు దేశపు కథోలికుడు. వాట్ స్కాట్లాండువాడు. ఈ ముగ్గురికీ మీ ఇంట్లో చోటు దొరికింది. నాలుగో మనిషి పేరు మాత్రం ఇస్త్రీపెట్టె మీద ఉండదు, ఫ్యాను మీద ఉండదు, నెలనెలా వచ్చే బిల్లు మీద కూడా ఉండదు. మీరు డబ్బు కట్టేది మాత్రం ఆయన లెక్కకే. బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు.

ఆ జౌల్ ఎవరో ఈ వారం తెలుసుకుందాం. ఇంట్లో తొమ్మిదో తరగతో పదో తరగతో చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు ఆయన పేరును సూత్రంగా బట్టీ పట్టి ఉంటారు గాని మనిషిని ఎరిగి ఉండరు.

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1818 డిసెంబరు 24న, అంటే క్రిస్మస్‌కు ముందు రోజు, ఇంగ్లండులో మాంచెస్టరు నగరాన్ని ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్‌లో పుట్టారు. తండ్రికి బీరు తయారుచేసే పెద్ద కర్మాగారం ఉండేది. ఇంట్లో కలిమికి లోటు లేదు, పిల్లవాడి ఆరోగ్యానికే లోటు. వెన్నులో బలహీనత వల్ల బడికి పంపలేదు, పంతుళ్ళనే ఇంటికి పిలిపించారు. 1834లో అతన్నీ అన్న బెంజమిన్‌నూ జాన్ డాల్టన్ దగ్గర చదువుకు పెట్టారు. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టనే ఈయన. అంత పెద్దాయన ఈ కుర్రాళ్ళకు ఏం నేర్పారనుకున్నారు? కూడికలు, గుణకారాలు, రేఖాగణితం! కొలవడం రానివాడికి శాస్త్రం రాదని ఆయన పట్టుదల కాబోలు. 1837లో డాల్టన్‌కు పక్షవాతం వచ్చింది, పాఠాలు ఆగిపోయాయి. జౌల్ చదువు అంతటితో సరి. విద్యార్థిగా ఏ విశ్వవిద్యాలయం గడపా ఆయన తొక్కలేదు.

తర్వాత చాలా ఏళ్ళు తండ్రి కర్మాగారంలోనే పని. బీరు కాయడంలో వేడి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే సరుకంతా పాడవుతుంది. మన దగ్గర బెల్లం వండేవాళ్ళు పాకం పదును కనిపెట్టినట్టు, అక్కడ థర్మామీటరు మీద కన్ను ఆనించి ఉండాలి. ఆ కన్నే తర్వాత ఆయనకు పెట్టుబడి అయింది. ఒక డిగ్రీలో రెండు వందలో వంతు తేడా కూడా తాను చదవగలనని జౌల్ అంటే పండితులు నమ్మలేదు. ఆయన కోసం థర్మామీటర్లు తయారుచేసిన మాంచెస్టరు పనివాడు డాన్సర్‌కు మాత్రం ఆ సంగతి తెలుసు.

మొదట్లో జౌల్ ఉద్దేశం శాస్త్రసేవ కాదు, వ్యాపారమే. అప్పటికి విద్యుత్ మోటారు కొత్త వింత. కర్మాగారంలో ఆవిరి ఇంజను తీసేసి మోటారు పెడితే బొగ్గు ఖర్చు తప్పుతుందని ఆశపడ్డారు. పందొమ్మిదేళ్ళ వయసులోనే సొంతంగా మోటారు తయారుచేసి దాని గురించి పత్రికకు రాశారు. అప్పట్లో కరెంటు తీగ మీద వచ్చేది కాదు. బ్యాటరీలో జింకు కరిగితేనే వచ్చేది. లెక్క వేసి చూస్తే జింకు ఇచ్చే పని బొగ్గు ఇచ్చే పనికంటే తక్కువ, ధర మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ! ఆశ నీరుగారింది. ఇక్కడితో వదిలేసి ఉంటే ఆయన పేరు ఈనాడు ఎవరికీ తెలిసేది కాదు. మోటారు ఎందుకు లాభసాటిగా లేదన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. లోపలికి పోయే శక్తి ఎంత? బయటికి వచ్చే పని ఎంత? మధ్యలో మాయమైంది ఎక్కడికి పోయింది?

మోటారు తీగలు వేడెక్కడం ఆయన గమనించారు. తీగచుట్టను నీళ్ళలో ముంచి, కరెంటు పంపి, నీళ్ళు ఎంత వేడెక్కుతాయో కొలిచారు. 1840లో తేలిన ఫలితమే పిల్లలు చదివే జౌల్ నియమం. తీగలో పుట్టే వేడి దాని నిరోధాన్ని బట్టి పెరుగుతుంది, కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వర్గం అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అదే తీగలో కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు. దీన్ని రాయల్ సొసైటీకి పంపితే వాళ్ళు సారాంశం మాత్రం అచ్చువేసి ఊరుకున్నారు. అప్పటికి ఆయనకు దాదాపు 22 ఏళ్ళు.

మీ ఇస్త్రీపెట్టె, నీళ్ళలో ముంచే హీటరు, గీజరు ఈ నియమం మీదే నడుస్తాయి. కావాలని ఎక్కువ నిరోధం ఉన్న నైక్రోమ్ తీగ పెట్టి, కరెంటు అంతటినీ వేడిగా మారుస్తారు. ఆ నియమమే ఇల్లు కూడా తగలబెడుతుంది. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు హీటరు, ఇస్త్రీపెట్టె, మిక్సీ అన్నీ తగిలిస్తే ఆ సన్నటి తీగలో కరెంటు మూడింతలు, వేడి తొమ్మిదింతలు. వదులుగా చుట్టిన జాయింటు దగ్గర నిరోధం ఎక్కువ, అక్కడే నిప్పు పుడుతుంది. ఫ్యూజులో సన్న తీగ పెట్టేది మనకంటే ముందు అది కరిగిపోవాలనే. మాటిమాటికీ పోతోందని అందులో లావుపాటి రాగితీగ చుట్టేవాళ్ళు కోనసీమలోనూ ఉన్నారు. కప్పు తాటాకుదైతే ఆ తెలివి ఎంతకు దారి తీస్తుందో వేరే చెప్పాలా? రొయ్యల చెరువు మీద వోల్టేజి పడిపోయినప్పుడు మోటారు కాలడానికీ కారణం ఇదే. బరువు తగ్గదు గనుక మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగులో వేడి వర్గంలో పెరుగుతుంది.

జౌల్‌కు ఇంకా తృప్తి కలగలేదు. ఈ వేడి ఎక్కడిది? ఆనాటి పండితుల లెక్కలో వేడి అంటే కంటికి కనిపించని ఒక ద్రవం. దాన్ని కాలోరిక్ అనేవారు. అది ఒక చోటి నుంచి మరో చోటికి పారుతుందే తప్ప కొత్తగా పుట్టదు, నశించదు అనేవారు. తీగ వేడెక్కితే ఎక్కడో మరోచోట చల్లబడి ఉండాలన్నమాట. జౌల్ బ్యాటరీని పక్కన పెట్టి, చేత్తో తిప్పే విద్యుత్ యంత్రాన్ని నీళ్ళలో పెట్టి తిప్పారు. ఎక్కడా ఏదీ చల్లబడలేదు, నీళ్ళు మాత్రం వేడెక్కాయి. తిప్పడానికి పడిన శ్రమే కరెంటుగా మారి, ఆ కరెంటే వేడిగా మారిందని ఆయన తేల్చారు. తర్వాత తాడుకు బరువులు కట్టి, అవి కిందికి దిగుతుంటే యంత్రం తిరిగేలా చేసి, ఎంత శ్రమకు ఎంత వేడో కొలిచారు. 1843లో ఐర్లండులోని కార్క్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఇదంతా చదివి వినిపించారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. మెచ్చుకోనూ లేదు. ఊరుకున్నారు. ఎదురు చెప్పడం కంటే అది ఎక్కువ బాధపెడుతుంది.

జౌల్ ఆంగ్లికన్ విశ్వాసి. దేవుడు సృష్టిలో ఉంచిన శక్తిని మనిషి నాశనం చెయ్యలేడని ఆయన గట్టి నమ్మకం. అయితే ఆ నమ్మకాన్ని చూపి ఎవరినీ ఒప్పుకోమనలేదు. కొలిచి చూపించాలనే కూర్చున్నారు.

1845లో మొదలుపెట్టిన ప్రయోగం ఆయన పేరు నిలబెట్టింది. దాన్ని అర్థం చేసుకోవడానికి మనవాళ్ళకు కవ్వం తెలిసి ఉంటే చాలు. రాగి పాత్రలో నీళ్ళు పోసి, మధ్యలో తెడ్లున్న ఇరుసు నిలబెట్టారు. ఇరుసుకు తాళ్ళు చుట్టి, ఆ తాళ్ళను చెరో పక్కా గిలకల మీదుగా వేసి, చివర సీసపు బరువులు వేలాడదీశారు. ఒక్కొక్కటి సుమారు 13 కిలోలు. బరువులు దిగుతుంటే తెడ్లు తిరిగి నీళ్ళను చిలుకుతాయి. దిగే ఎత్తు మనిషి ఎత్తుకు కొంచెం తక్కువ. దిగాక మళ్ళీ పైకి చుట్టడం, మళ్ళీ వదలడం, ఇలా 20 సార్లు. అంతా అయ్యాక థర్మామీటరు చూస్తే నీటి వేడి సుమారు అర డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగింది. అంతే! ఆ అర డిగ్రీని కచ్చితంగా పట్టుకోవడానికి గది వేడి, మనిషి ఒంటి వేడి కూడా లెక్కలో తీసెయ్యాలి. ఏళ్ళ తరబడి అదే పని. నీళ్ళు అయ్యాక పాదరసంలో చేశారు, తర్వాత ఇనుముతో ఇనుము రాపాడించి చూశారు. ఎలా చేసినా జవాబు ఇంచుమించు ఒకటే వచ్చింది.

ఆ జవాబును మన లెక్కలో చెబుతాను. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడి చెయ్యడానికి పట్టే శక్తితో 427 కిలోల బరువును ఒక మీటరు ఎత్తవచ్చు. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిదిన్నర!

మరో విధంగా చూడండి. దింపు తీసే మనిషి 60 కిలోల బరువు ఉన్నాడనుకుందాం. 15 మీటర్ల కొబ్బరి చెట్టు ఎక్కితే తన ఒంటిని పైకి మోసుకుపోవడానికి అతను చేసిన పని 8,820 జౌళ్లు. చెమటలు కక్కుతూ చేసిన ఆ పనినంతా ఒక లీటరు నీళ్ళలోకి వేడిగా దింపితే ఆ నీళ్ళు రెండు డిగ్రీలు వేడెక్కుతాయి. స్నానానికి కాదు కదా, వేలు పెట్టి చూస్తే తేడా కూడా తెలియదు. ఒక యూనిట్ కరెంటులో అలాంటి చెట్లు నాలుగు వందలు ఎక్కే శక్తి ఉంది. యూనిట్ ఖరీదు చూడండి, దింపు కూలీ చూడండి. యంత్రాలు లోకాన్ని ఎందుకు మార్చేశాయో ఇంతకంటే వివరంగా చెప్పలేను.

మీ బిల్లుకూ ఈ లెక్కే ఆధారం. వేడికి శక్తి బాగా ఖర్చవుతుంది, కదలికకు తక్కువ. 75 వాట్ల పాత ఫ్యాను ఒక యూనిట్‌తో 13 గంటలకు పైగా తిరుగుతుంది. 20 లీటర్ల బకెట్టు నీళ్ళను 15 డిగ్రీలు వేడి చెయ్యడానికే యూనిట్‌లో మూడో వంతు దాటిపోతుంది. అంటే ఒక్కరి స్నానం, నాలుగున్నర గంటల ఫ్యాను గాలి సమానం. నలుగురు పిల్లలున్న ఇంట్లో చలికాలపు బిల్లు ఎందుకు పెరుగుతుందో అర్థమైంది కదా? ఇంట్లో పెద్దవాళ్ళు పెరట్లో కొబ్బరి డొక్కలతో నీళ్ళు కాచుకుంటామంటే వాళ్ళది చాదస్తం అనకండి.

ఇక జౌల్ కథలోకి వద్దాం. 1847 వసంతంలో మాంచెస్టరులో సెయింట్ ఆన్స్ దేవాలయానికి చెందిన పఠన మందిరంలో ఆయన తన సిద్ధాంతాన్ని మామూలు జనానికి ఉపన్యాసంగా చెప్పారు. అన్న బెంజమిన్ ఆర్గన్ వాయించేవారు. ఊళ్ళోని ఒక పత్రిక ఉపన్యాసాన్ని పూర్తిగా వేయడానికి ఒప్పుకోలేదు. అన్నగారు సంగీత విమర్శలు రాసే మాంచెస్టర్ కొరియర్ పత్రిక మొత్తం వేసింది. ఆ శతాబ్దపు గొప్ప శాస్త్ర సత్యాల్లో ఒకటి అలా గుడి పఠన మందిరంలోనూ, ఊరి పత్రికలోనూ వెలుగు చూసింది. విచారణల్లో సమావేశాలు పెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

అదే ఏడాది జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ సభ. అధ్యక్షుడు జౌల్‌ను నాలుగు మాటల్లో ముగించమన్నాడు. ఇక్కడా మౌనమే మిగిలేది గాని, విలియం థామ్సన్ అనే ఇరవై మూడేళ్ళ యువకుడికి విషయం పట్టింది. ఆయనే తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యారు. మొదట ఆయనా పూర్తిగా నమ్మలేదు, కాని కొట్టిపారెయ్యలేదు. ఆగస్టులో జౌల్‌కు అమీలియా గ్రైమ్స్‌తో పెళ్ళయింది. కొత్త దంపతులు ఆల్ప్స్ పర్వతాల వైపు వెళ్ళారు. అక్కడ దారిలో పొడవాటి థర్మామీటరు పట్టుకుని నడుస్తున్న జౌల్ తనకు ఎదురయ్యారనీ, జలపాతం పైనా కిందా నీటి వేడిలో తేడా కొలవడానికి బయల్దేరారనీ, పెళ్ళికూతురు వెనక బండిలో ఉందనీ థామ్సన్ తర్వాత చెప్పేవారు. చెప్పగా చెప్పగా కొంత రంగు కలిసి ఉండవచ్చు. జలపాతం తుంపరలై చెదిరిపోవడంతో కొలత కుదరలేదట. అమీలియా ఏమనుకుందో ఎవరూ రాయలేదు.

1849లో జౌల్ పరిశోధనను రాయల్ సొసైటీకి సమర్పించినది మహానుభావుడు ఫారడే. మరుసటి ఏడు సభ్యత్వం ఇచ్చారు. తర్వాత ఇద్దరు మిత్రులు, జౌల్, థామ్సన్, వాయువును సన్నని అడ్డు గుండా తోసి వదిలితే అది చల్లబడుతుందని కనిపెట్టారు. గాలిని ద్రవంగా మార్చే పరిశ్రమకు అది పునాది. మీ ఇంటి ఫ్రిజ్‌లో జరిగేది పూర్తిగా అదే కాదు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ వేడిని వెనకవైపు గొట్టాలు బయటికి వదులుతాయి, మోటారు వేడి దానికి అదనం. అందుకే వంటగది చల్లబడుతుందని ఫ్రిజ్ తలుపు తీసి ఉంచితే గది ఇంకా వేడెక్కుతుంది. ఫ్యాను కూడా గాలిని చల్లబరచదు, మీ చెమటను ఆరబెడుతుంది. మిక్సీ తిప్పాక పచ్చడి వెచ్చగా ఉండటం మీరు చూసే ఉంటారు. అది జౌల్ తెడ్ల ప్రయోగమే, మీ వంటింట్లో. పాత ఫిలమెంటు బల్బు నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడికే ఇచ్చి మిగిలింది వెలుగుకు ఇచ్చేది. ఎల్ఈడీ వచ్చాక ఆ వృథా బాగా తగ్గింది.

ఈ లెక్క కోనసీమవాళ్ళకు ఇంటి లోపలితో ఆగేది కాదు. మన కాళ్ళ కింద గ్యాసు ఉంది. ఆ వాయువులో ఉన్నది రసాయన శక్తి. దాన్ని విజ్జేశ్వరంలోనో కొండపల్లిలోనో మండిస్తే వేడి, ఆ వేడితో టర్బైను తిరిగితే కదలిక, కదలికతో జనరేటరులో కరెంటు. మంచి కేంద్రంలో కూడా సుమారు సగమే కరెంటుగా మారుతుంది. మిగతాది గాలిలోకీ నీళ్ళలోకీ వేడిగా పోతుంది. ఆ కరెంటుతో మీరు మళ్ళీ నీళ్ళు కాచుకుంటే, వేడిని కరెంటు చేసి, కరెంటును తిరిగి వేడి చేసి, దారిలో సగం పారబోసినట్టే.

అదే శక్తి అదుపు తప్పితే ఏమవుతుందో మనం చూశాం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి ఎగదన్ని అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. టర్బైను లేదు, జనరేటరు లేదు, శక్తి అంతా నేరుగా వేడి, వెలుగు, హోరుగా మారిపోయింది. కొబ్బరితోటలు మాడాయి, ఊళ్ళు ఖాళీ చేశారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పగిలి ఇరవై మందికి పైగా మరణించారు. అది తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు మోసే గొట్టం. ఎక్కడో ఫ్యాను తిప్పడానికి బయల్దేరిన శక్తి దారిలోనే, నిద్రపోతున్న వాళ్ళ మీద, వేడిగా మారింది. స్విచ్చి వేసేటప్పుడు ఆ కుటుంబాలు గుర్తుకు రావాలని నా మనవి.

జౌల్ చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1854లో అమీలియా ప్రసవం తర్వాత మరణించింది. పుట్టిన బిడ్డా దక్కలేదు. ఒక కొడుకు, ఒక కూతురు మిగిలారు. ఆ రోజుల్లోనే కర్మాగారం అమ్మేశారు. శక్తి నిత్యత్వం గురించి ముందు చెప్పింది ఎవరన్న తగువు కూడా చుట్టుముట్టింది. జర్మనీ వైద్యుడు రాబర్ట్ మేయర్ 1842లోనే ఈ ఆలోచనను ప్రకటించిన మాట నిజం. జౌల్ మిత్రులు కొందరు మేయర్‌ను చులకన చేశారు, అది న్యాయం కాదు. ఆలోచనలో మేయర్ ముందు, కొలతలో జౌల్‌కు సాటి లేరు. 1870లో రాయల్ సొసైటీ వారి కోప్లే పతకం జౌల్‌కు దక్కింది, మరుసటి ఏడు మేయర్‌కూ ఇచ్చారు.

ప్రయోగాలకు సొంత డబ్బే ఖర్చుపెట్టిన మనిషికి చివరికి చేతిలో డబ్బు ఆడలేదు. 1878లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌన్ల పింఛను ఇచ్చింది. అదే ఏడు, అరవై ఏళ్ళకు దగ్గరపడుతూ, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా, తెడ్ల ప్రయోగాన్ని మళ్ళీ చేసి ముగించారు. ఒక పౌను నీటిని ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడి చెయ్యడానికి పట్టే పని 772.55 అడుగు పౌన్లని తేలింది. కొన్నేళ్ళకే అమెరికాలో రోలండ్ మరింత పకడ్బందీగా కొలిచి, పాదరసపు థర్మామీటరులోనే కొంచెం తేడా ఉందని చూపారు. ఇప్పటి విలువ 778కి కాస్త పైన. బీరు కర్మాగారం యజమాని లెక్కలో తప్పు నూటికి ఒక పాలు కూడా లేదు.

1889లో పారిస్‌లో కూడిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ శక్తి కొలతకు ఆయన పేరు పెట్టింది. ఆ ఏడు అక్టోబరు 11న సేల్ అనే ఊళ్ళో ఆయన కన్నుమూశారు. అక్కడి బ్రూక్‌లాండ్స్ శ్మశానవాటికలో సమాధి రాయి మీద 772.55 అని చెక్కారు. పక్కనే యోహాను సువిశేషం 9వ అధ్యాయం 4వ వచనం ఉంది.